నిప్పు ఎరుగని బంక: తపసి చెట్టు విషాద గాథ

వేసవి ముదిరేకొద్దీ మదనపల్లె చుట్టుపక్కల గుట్టలు ఆకు రాల్చి బోడిగా నిలబడతాయి. వాటి మధ్య 4,000 అడుగులకు పైగా లేచిన ఏనుగు మల్లమ్మ కొండ మీద 1870 ప్రాంతంలో కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్లీ వేసవి విడిది కట్టుకున్నాడు. ఆ కొండ ఆయన పేరుతోనే హార్స్లీ హిల్స్ అయింది. కొండ పైన ఉండే చల్లదనం గురించి ఆనాటి నుంచి ఈనాటి దాకా చెప్పుకుంటూనే ఉన్నాం. ఇలాంటి కొండల వాలులో, గుప్పెడు మట్టి కూడా నిలవని రాతి నెర్రెల్లో వేరు దించి బతికే చెట్ల గురించి చెప్పుకున్నది మాత్రం తక్కువ. వాటిలో ఒకటి తపసి. శేషాచలం, నల్లమల, గోదావరి మన్యం, విశాఖ మన్యం... తూర్పు కనుమల పొడవునా ఎండు రాతి కొండలే దాని పుట్టిల్లు.

తెల్లటి నున్నటి మాను. పలచటి పొరలుగా ఊడే బెరడు. అయిదు చీలికల వెడల్పాటి ఆకు. చలికాలంలో ఆ ఆకంతా రాల్చేసి, ఆకు లేని కొమ్మల మీదే పూస్తుంది. ఎర్రటి నక్షత్రాకారపు కాయ ఒళ్లంతా నూగు. ముట్టుకుంటే చెయ్యి మండుతుంది. వెన్నెల రాత్రుల్లో ఆ తెల్లటి మానును చూసి ఇంగ్లీషువాళ్లు దయ్యం చెట్టు అన్నారు. మన కొండవాళ్లకు మాత్రం అది అన్నం పెట్టిన చెట్టు. దాని ఒంటి మీద గాటు పడితే ఊరే బంక కోసం ఒకప్పుడు సముద్రాల అవతలి వ్యాపారులు ఎదురు చూశారు. ఆ బంకకు గిరాకీ పెరిగిన కొద్దీ చెట్టుకు ఆయుష్షు తగ్గింది. ఆ వైభవం ఎలా వచ్చిందో, ఎలా కూలిందో మన తరం తెలుసుకోవాలి. ఆ కూలిన చోట మన వంటింటి వాటా, మన బజారు వాటా కూడా ఉంది.

ముందు వంటింటి సంగతి. మన తీపి వంటకాల్లో చాలావాటికి చిక్కదనం నిప్పు వల్లనే వస్తుంది. పాయసంలో బియ్యం, సగ్గుబియ్యం ఉడికి చిక్కబరుస్తాయి. కస్టర్డులో మొక్కజొన్న పిండి అంతే. 65, 70 డిగ్రీల వేడి తగిలితే తప్ప ఆ పిండి గింజ నీళ్లు తాగి ఉబ్బదు. చల్లటి పాలలో కలిపితే పిండి అడుగున కూర్చుంటుంది, నాలుక మీద పచ్చిపిండి తగులుతుంది. కానీ వేడి చూపించకూడని తీపి వంటకాలూ ఉన్నాయి. బాగా మాగిన బేనిషా గుజ్జును పొయ్యి మీద పెట్టండి. ఆ పచ్చి పరిమళం పోయి జామ్ వాసన వస్తుంది. పెరుగు వేడెక్కితే విరిగి నీళ్లు వదులుతుంది. నన్నారి షర్బత్తు, పండ్ల రసం, పుల్ల ఐసు, ఇవన్నీ నిప్పు పొడ సోకకుండా చిక్కబడాలి.

వీటికి ఏది పనికొస్తుంది? చైనా గ్రాస్ శాకాహారమే, కానీ దాన్ని కరిగించాలంటే నీళ్లు మరగాలి. మరిగించిన ఆ ద్రావణాన్ని చల్లటి మామిడి గుజ్జులో పోస్తే కలిసేలోపే పీచుపీచుగా గడ్డకడుతుంది. జెలటిన్‌కు గోరువెచ్చదనం చాలు, కానీ అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పైగా పచ్చి అనాస, పచ్చి బొప్పాయి తగిలితే గట్టిపడదు. సబ్జా గింజ చల్లటి నీళ్లలోనే ఉబ్బుతుంది. అయితే ఏ గింజ నీళ్లు ఆ గింజ చుట్టే నిలుస్తాయి తప్ప గ్లాసులో ఉన్న రసమంతా చిక్కబడదు. గోరుచిక్కుడు గింజ నుంచి తీసే గ్వార్ పొడి చల్లటి నీళ్లలోనూ పనిచేస్తుంది. కాస్త ఎక్కువైతే చిక్కుడు వాసన, జిడ్డు వస్తాయి.

తపసి బంక ఈ అవసరానికే పుట్టిందా అనిపిస్తుంది. బొటనవేలి గోరంత ముక్క తీసుకోండి. లేత తేనె రంగులో, అంచులు పలచబడి, వెలుతురుకు పెడితే మసక అద్దంలా కనిపిస్తుంది. దాన్ని గ్లాసుడు చల్లటి నీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. కరగదు. ఉప్పులా, చక్కెరలా కరిగిపోవడం దాని గుణం కాదు. నీళ్లను లోపలికి లాక్కుని, తన పరిమాణానికి 60 నుంచి 100 రెట్ల దాకా ఉబ్బుతుంది. తెల్లవారేసరికి గ్లాసులో మెత్తటి, రుచీ రంగూ లేని గుజ్జు ఉంటుంది. అదే బంకను మెత్తగా పొడి చేసి, ముందు చక్కెరలో కలిపి, ఆ తర్వాత చల్లటి రసంలో చల్లుతూ చిలికితే ముద్దకట్టకుండా నున్నగా చిక్కబడుతుంది. పులుపుకు తొందరగా లొంగదు కాబట్టి మామిడి, నిమ్మ, ద్రాక్ష రసాలకు భయం లేదు. దానికి గిట్టనిది నిప్పే. మరిగిస్తే చిక్కదనం తగ్గిపోతుంది. చల్లార్చినా తిరిగి రాదు. ఒక్క జాగ్రత్త: పొడిని పొడిగా మింగకూడదు, గొంతులోనే ఉబ్బుతుంది. నీళ్లు పుష్కలంగా ఉండాలి.

ఈ చెట్టు పుస్తకాలకు ఎక్కింది మన కోస్తా నుంచే. సామర్లకోటలో తోట వేసుకుని, తెలుగు నేల మీది మొక్కల బొమ్మలు గీయించిన స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడటం మొదలైన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీనికి స్టెర్క్యూలియా యూరెన్స్ అని పేరు పెట్టాడు. అప్పటికి ప్రపంచానికి ఈ బంక అక్కర్లేదు. యూరప్, అమెరికాల్లో మందులకూ మిఠాయిలకూ పర్షియా నుంచి వచ్చే ట్రాగకాంత్ బంక వాడేవారు. అది ఖరీదైనది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దానికి చవక బదులుగా తపసి బంక ఓడ ఎక్కింది. ట్రాగకాంత్‌లో కల్తీ చేయడానికి మొదట దీన్ని కొన్నారు. కొన్నాళ్లకే దీని సొంత విలువ వాళ్లకు తెలిసింది. ఉత్తరాదిలో దీన్ని పిలిచే మాట మీద 'గమ్ కరాయా' అనే పేరు అంతర్జాతీయ మార్కెట్‌లో స్థిరపడింది.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు దానివే. పుల్ల ఐసులో నీరు విడిపోయి పెద్ద పెద్ద మంచు పలుకులుగా మారకుండా, చప్పరిస్తుంటే రసమంతా ముందే కారిపోయి బోడి మంచు మిగలకుండా పట్టి ఉంచేది ఈ బంకే. షర్బత్తు ఐసుల్లో, చిలికిన మీగడలో, చీజులో, మాంసం వంటకాల్లో ఇది కలిసింది. వృద్ధుల కట్టుడు పళ్లను చిగుళ్లకు అంటించి ఉంచిన పొడి ఇదే. మలబద్ధకానికి ఇచ్చిన మందు ఇదే. పేగు ఆపరేషన్ అయినవాళ్ల పొట్ట మీద సంచిని చర్మం ఒరిసిపోకుండా పట్టి ఉంచిన మెత్తటి వలయం ఇదే. ఆహారంలో కలిపే పదార్థాల అంతర్జాతీయ జాబితాలో దీని సంఖ్య 416. గడ్డకట్టిన పాల మిఠాయిల్లో 0.3 శాతం దాకా వాడవచ్చని అమెరికా నిబంధన ఉంది. అంటే వంద కిలోల ఐస్‌క్రీముకు 300 గ్రాములు. ఆ పాటి బంకే అంత పని చేసేది. ఆ బంకను ప్రపంచానికి ప్రధానంగా అందించింది మన దేశం. ఆఫ్రికాలో దీని జాతి చెట్టు మరొకటి ఉన్నా, మేలురకం తెల్ల బంక అంటే వ్యాపారులు భారతదేశం వైపే చూసేవారు. అందులో తెలుగు కొండల భాగం ఘనమైనది.

ఆ ఘనత వెనక చెమట ఎవరిది? నల్లమలలో చెంచులది, గోదావరి, విశాఖ కొండల్లో కొండరెడ్లది, కోయలది, మన్యం గిరిజనులందరిది. మేలు బంక ఊరేది వానలు పడకముందు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా. తొలకరి తర్వాత తీసిన బంక రంగు మారుతుంది, ధర పడిపోతుంది. అందుకే రాయి మీద కాలు పెట్టలేని ఎండల్లో, గుక్కెడు నీళ్లు దొరకని గుట్టల్లో తిరిగి తీయాల్సిన పంట ఇది. గింజలు నిండుకునే రోజులు కూడా అవే. పొలం పని ఉండదు, ఇంట్లో జొన్న ఉండదు. చెట్టు మీద బంక ఉంటుంది. ఆ బంకను మూటగట్టి సంతకు తెస్తే, బెరడు ముక్క ఉందని, ఇసుక ఉందని, రంగు తగ్గిందని సావుకారు తూకంలో కోత పెట్టేవాడు. ఉప్పుకూ బట్టకూ చెల్లు వేసుకుంటే చేతికి వచ్చేది ఎంతోకొంత, అంతే.

ఈ దోపిడీని ఆపడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1979లో ఏజెన్సీ ప్రాంతాల్లో అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని క్రమబద్ధం చేస్తూ నిబంధన వచ్చింది. సావుకారు బదులు డిపో వచ్చింది, కొలతలో న్యాయం పెరిగింది. అది చిన్న మేలు కాదు. కానీ చెట్టు మీద పడుతున్న గాటును మాత్రం చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

ఆ గాటు గురించి కొంచెం దగ్గరగా చెప్పాలి, ఎందుకంటే చెట్టు చావుబతుకులు అక్కడే తేలాయి. తపసి బంక గాయం నుంచే వస్తుంది. బెరడు తెగితే ఆ గాయాన్ని కప్పుకోవడానికి చెట్టు ఊరించే ద్రవమే గాలికి గట్టిపడి బంక అవుతుంది. గాటు పెట్టిన మొదటి రోజే ఎక్కువ ఊరుతుంది, ఆ తర్వాత కొన్ని రోజుల పాటు తగ్గుతూ వస్తుంది. ముదురు చెట్టు ఒక సీజనులో ఒకటి నుంచి అయిదు కిలోల దాకా ఇస్తుందని అంచనా. బొటనవేలి వెడల్పున, బెరడు లోతు దాటకుండా చెక్కి, కొన్ని రోజులకోసారి అంచును కొద్దిగా తాజా చేస్తూ పోతే చాలు. సీజను అయ్యాక చెట్టును ఒకటి రెండేళ్లు వదిలేస్తే ఆ గాయం మానుతుంది, కొత్త బెరడు కప్పుకుంటుంది. చెట్టు బతుకుతుంది, మళ్లీ ఇస్తుంది.

కానీ చేతిలో ఉన్నది గొడ్డలి. గొడ్డలి దెబ్బ బెరడు దగ్గర ఆగదు. లోపలి చేవ దాకా దిగుతుంది. ఒక గాటు చాలక పక్కన మరొకటి, పైన ఇంకొకటి. మాను చుట్టూ గాట్లు కలిసిపోతే ఆకు వండిన ఆహారం వేరుకు దిగే దారి తెగిపోతుంది. తెరుచుకున్న పుండులోకి తేమ చేరుతుంది, బూజు చేరుతుంది, తొలుచు పురుగు చేరుతుంది. పైకి చెట్టు నిలబడే ఉంటుంది. ఆ ఏడు బంక కూడా ఎక్కువే వస్తుంది. ఒకటి రెండు వేసవులు గడిచాక, తొలకరి ఈదురుగాలికి, గాట్లు పడిన చోటే విరిగి కూలుతుంది.

ఇందులో తప్పును గొడ్డలి పట్టినవాడి మీద నెట్టేయడం సులువు. నేను ఆ మాట ఒప్పుకోను. చెంచు తనకు అన్నం పెట్టే చెట్టును చంపాలని కోరుకోడు. కిలోకు దక్కే ధర తక్కువైతే పూట గడవడానికి ఎక్కువ కిలోలు తేవాలి. ఎక్కువ కిలోలు కావాలంటే పెద్ద గాటు పెట్టాలి. ఈ రోజు తాను వదిలేసిన చెట్టును రేపు మరొకడు కొట్టేస్తాడని తెలిసినప్పుడు, ఎవరి పేరా లేని అడవిలో ఏ మనిషికి ఆగాలనిపిస్తుంది? చెట్టు అటవీ శాఖది, ధర బజారుది, ఆకలి మాత్రం గిరిజనుడిది. ఆ మూడూ కలిసి గొడ్డలి పిడి బిగించాయి.

పైచెట్టు కూలితే కిందిమొక్క లేవాలి. అదీ జరగలేదు. తపసి గింజల్ని మనుషులు వేయించుకుని తింటారు, జంతువులూ తింటాయి. మిగిలిన గింజ రాతి సందులో మొలకెత్తితే మేక కొరుకుతుంది. మేక నుంచి తప్పించుకుంటే వేసవి కార్చిచ్చు ఉంది. గడ్డి బాగా మొలవాలని, దారి కనబడాలని పెట్టే మంట ఆ పిల్లమొక్కను బూడిద చేస్తుంది. ముసలి చెట్లు పోతూ, లేత చెట్లు రాకుండా కొండకు కొండ ఖాళీ అవుతూ వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బజారూ చేయి వదిలేసింది. అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని పియోరియా వ్యవసాయ పరిశోధనశాలలో, క్యాబేజీకి తెగులు తెచ్చే ఒక బ్యాక్టీరియా చక్కెరను పులియబెట్టి చిక్కటి బంకను తయారు చేస్తుందని 1950లలో కనుక్కున్నారు. దాని పేరు జాంతన్. 1969లో అమెరికా దాన్ని ఆహారంలో వాడటానికి అనుమతించింది. అదీ చల్లటి నీళ్లలోనే పనిచేస్తుంది, పులుపుకు లొంగదు, చిటికెడు చాలు. దానికి ఎండాకాలం లేదు, కొండ లేదు, ఇసుక లేదు. ఈ నెల కొన్న సరుకూ వచ్చే నెల కొన్న సరుకూ ఒకేలా ఉంటాయి. ఇంకోవైపు రాజస్థాన్ పొలాల నుంచి గ్వార్ పొడి చవగ్గా దొరికింది. తపసి బంక మాత్రం ఒక మూటలో తెల్లగా, మరో మూటలో గోధుమ రంగులో, బెరడుతో, మట్టితో వచ్చేది. నిలవ ఉంటే నెమ్మదిగా ఎసిటిక్ ఆమ్లం విడుదలై పుల్లటి వాసన కొట్టేది, చిక్కబరిచే శక్తి తగ్గేది. కొనేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. గిరాకీ తగ్గితే ధర పడింది. ధర పడితే గాటు పెరిగింది. ఆ వలయం నుంచి చెట్టు బయటపడలేకపోయింది.

కాపాడే ప్రయత్నాలు జరగలేదని అనలేం. బంక తీసే గిరిజనుల మేలు కోసం 1994లో విశాఖపట్నంలో కోవెల్ ఫౌండేషన్ పుట్టింది. గొడ్డలి మాని చిన్న కత్తితో బెరడు వరకే చెక్కడం, లేత చెట్లను ముట్టకపోవడం, గాటుకూ గాటుకూ మధ్య ఎడం ఉంచడం, బంకను నేల మీద రాలనివ్వకుండా శుభ్రంగా సేకరించి చెట్టు దగ్గరే రంగుల వారీగా వేరు చేయడం, ఇవన్నీ కొండ మీదికి వెళ్లి నేర్పారు. నేర్చుకున్న చోట మంచి ఫలితం కనిపించింది. తక్కువ గాయంతోనే తెల్లటి బంక వచ్చింది, తెల్లటి బంకకు మంచి ధర వచ్చింది. మన మామిడి మండీల్లో కాయల్ని మాగించడానికి వాడే ఎథిఫాన్‌ను కొద్ది మోతాదులో చెట్టుకు ఎక్కిస్తే దిగుబడి ఎన్నో రెట్లు పెరుగుతుందని పరిశోధకులు చూపించారు. 1990ల చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాస్త్రవేత్తలు తపసికి దగ్గర గుణాలున్న కొండగోగు బంకను పరీక్షించి, ఆహారంలో వాడకానికి అది పనికొస్తుందని తేల్చారు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చిల్లర అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. 2013-14లో కేంద్రం మొదలుపెట్టిన కనీస మద్దతు ధర పథకంలో ఈ బంక పేరు కూడా చేరింది.

ఇవన్నీ మంచి పనులు. కానీ వరసలో చివర రావాల్సినవి ముందు వచ్చాయి, ముందు రావాల్సినవి చివర వచ్చాయి. మొదట కొన్నాం, తర్వాత నరికాం, ఆ తర్వాత నేర్పాం, చిట్టచివరికి హక్కు ఇచ్చాం. హక్కు మొదట ఇచ్చి ఉంటే, చెట్టు తనదని నమ్మినవాడు గాటు చిన్నగా పెట్టేవాడు. సరైన ధర మొదటే ఇచ్చి ఉంటే ఆ గాటు చాలేది. తపసి పతనానికి విదేశీ పోటీ ఒక కారణమే గాని అసలు కారణం అది కాదు. బంక విలువ తెలిసి, చెట్టు విలువ తెలియకపోవడం అసలు కారణం.

ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో వేసవి వస్తే చల్లటి తీపి పానీయాలకు లోటు లేదు. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కుప్పం వాళ్లకు తమిళుల బాదం పిసిన్ బంక కొత్త కాదు. దాని పక్కనే గోంద్ కతీరా అనే ప్యాకెట్లు ఉంటాయి. తపసి బంక, కొండగోగు బంక ఆ పేరు మీద కూడా చెలామణి అవుతుంటాయి. మన అడవి బంకే ఉత్తరాది పేరుతో మన ఊరికి తిరిగి రావడం, దాని అసలు పేరు కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ తెలియకపోవడం, చెట్టు కూలడం కన్నా తక్కువ విషాదం కాదు. పేరు మరిచిన చెట్టు కోసం ఎవరూ పోరాడరు.

కాబట్టి ఈ వేసవిలో మామిడి గుజ్జునో పెరుగునో పొయ్యి ముట్టించకుండా చిక్కబరచాలనుకునే ప్రతి ఇంటికీ ఒక మనవి. ప్యాకెట్ కొనేటప్పుడు ఇది ఏ చెట్టు బంక, ఏ కొండ నుంచి వచ్చింది అని అడగండి. లేత రంగు, బెరడు లేని ముక్కలు, పుల్లటి వాసన లేని సరుకు ఎంచుకోండి. జాగ్రత్తగా గాటు పెట్టి శుభ్రంగా తీసిన బంక అలాగే ఉంటుంది. గిరిజన సంఘాల చేతి నుంచి వచ్చిన సరుకు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే కొనండి. రాతిగుట్టల మీద మొక్కలు నాటే వనమహోత్సవాల్లో తపసి మొక్కనూ అడగండి. నీరు నిలవని చోట బతకడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య, మేక నుంచీ మంట నుంచీ నాలుగేళ్లు కాపాడితే చాలు. ఈ కథ ముగింపు ఇంకా రాసి లేదు. దాన్ని మార్చే శక్తి అటవీ శాఖకు ఎంత ఉందో, ధర ఇచ్చి కొనే మనకూ అంత ఉంది.